రెండో సీలు

“ఐదింటికి పోలీసు జీపు వస్తుందంట. ఆలోపు ఏదీ తేలకపోతే ఏమవుతుందండీ?”

పొద్దుటి నుంచి కనపడ్డ ప్రతివాళ్ళనీ ఇదే అడిగాను. గేటు దగ్గర వాచ్‌మన్‌ని అడిగాను. మెట్లు తుడిచే ఆవిడని అడిగాను. ఇప్పుడు మాంసం ఫ్యాక్టరీ మొదటి అంతస్తులో, శాంపిల్ గది బయట నిలబడి డిటెక్టివ్‌ని అడుగుతున్నాను. ఆయన నా వైపు చూడలేదు. ఒక ఎర్ర ప్లాస్టిక్ బకెట్టుని కుళాయి కింద పెట్టి నీళ్ళు పట్టుకుంటున్నాడు.

డిటెక్టివ్ అంటే నేనేదో ఊహించుకున్నాను. ఈయన ఇల్లు కడగడానికి వచ్చినవాడిలా ఉన్నాడు. ఇరవై ఏళ్ళు ఆహార తనిఖీ శాఖలో చేసి, పైవాళ్ళతో పడక బయటికొచ్చి, సొంతంగా ఈ పని పెట్టుకున్నాడట. ఎక్కడికి వెళ్ళినా ఈ బకెట్టు వెంట ఉంటుందని అందరూ బకెట్టాయన అంటారు.

“నన్ను పెట్టుకున్నది మీరు కాదమ్మా,” అన్నాడు కుళాయి కట్టేస్తూ. “చనిపోయినాయన భార్య. ఆవిడకి నిజం కావాలి. అది మీ అమ్మాయికి పనికొస్తే సంతోషం. పనికిరాకపోతే అదీ రాస్తాను. వినలేనంటే ఇప్పుడే కిందకెళ్ళి కూర్చోండి.”

“ఇక్కడే ఉంటాను.”

“అయితే అడిగినదానికి చెప్పండి. అడగనిది చెప్పకండి.”

అడగనిది చెప్పే అలవాటు నాకు ఏనాడూ లేదు. చేతిసంచి గుండెకి అదుముకుని ఆయన వెనకే లోపలికి వెళ్ళాను.

జరిగింది ఇది. గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకి ఆస్పత్రి క్యాంటీన్‌లో రోగులకి మాంసం సూపు పోశారు. నాలుగు కొట్టేసరికి పద్నాలుగు మంది వాంతులు. అందులో ఒకాయనకి పొట్ట ఆపరేషనై నాలుగు రోజులే అయింది. వాంతులకి కుట్లు విడిపోయాయి. శుక్రవారం పొద్దున పోయాడు. మాంసం మా ఫ్యాక్టరీది. గాలి తీసి సీలు వేసిన కవర్ల మీద తేదీ పదమూడు, మంగళవారం. ఆ రోజు సీలింగ్ మిషను మీద ఉన్నది మా అమ్మాయి. శుక్రవారం సాయంత్రానికల్లా తనిఖీ అధికారి కాగితం తయారు చేసేశాడు: సీలు సరిగా పడలేదు, గాలి చొరబడింది, మాంసం కుళ్ళింది, తప్పు సీలు వేసినామెది. ఇవాళ శనివారం. పిల్ల కింద రెస్టు రూములో ఆడ కానిస్టేబుల్ పక్కన కూర్చుని ఉంది. నిన్నటి నుంచి ఎవరు ఏమడిగినా నోరు విప్పడం లేదు. నా వైపు ఒకసారి చూస్తుంది, తల దించుకుంటుంది.

గోడ గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది.

గదిలో షిఫ్ట్ ఇన్‌చార్జి ఉన్నాడు. ఇక్కడి ప్యాకింగ్ లైను మీద నేను పంతొమ్మిదేళ్ళు చేశాను. అతను వచ్చిన కొత్తలో కవరు మూతి ఎలా పట్టుకోవాలో నేర్పింది నేనే. అప్పటి నుంచి నన్ను పిన్నీ అంటాడు.

“పిన్నీ, నువ్వెందుకొచ్చావు? అసలే బీపీ మనిషివి.”

“ఆవిడ ఉంటుంది,” అన్నాడు బకెట్టాయన. బకెట్టు బల్ల మీద పెట్టాడు. నీళ్ళు తొణికి ఇన్‌చార్జి ఫైలు మీద పడ్డాయి. “మంగళవారం లైను ఎన్నింటికి కట్టేశారు?”

“నాలుగింటికి. రోజూ నాలుగింటికే.”

“ఎవరు కట్టేస్తారు?”

“నేనే.”

“ప్యాకింగ్ గది ఎంత చల్లగా ఉండాలి?”

“ఎనిమిది డిగ్రీలు. దాటనివ్వం సార్. ఆ విషయంలో నేను చాలా కచ్చితం.”

“శాంపిళ్ళు ఉంచుతారా?”

“ప్రతి లాటులో మొదటి ప్యాకెట్టు, చివరి ప్యాకెట్టు ఆ ఫ్రిజ్‌లో పెడతాం. పది రోజులుంచి పారేస్తాం.”

“తెచ్చి పెట్టేదెవరు?”

“సీలు వేసేవాళ్ళే. అదొక అలవాటు సార్. చేతులు వాటంతటవే తీసుకెళ్ళి పెట్టేస్తాయి. మళ్ళీ ఆ ఫ్రిజ్ తెరిచి చూసేదెవరు?”

అంటూ నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలో ఆగింది. అతని కళ్ళు ఫ్రిజ్ తలుపు మీదకి వెళ్ళి, గబుక్కున వెనక్కి వచ్చాయి. నేను చూశాను. బకెట్టాయనా చూశాడు. లేచి వెళ్ళి తలుపు తెరిచాడు.

ఒక్కో అరకి ఒక్కో తేదీ రాసి ఉంది. పదమూడో తేదీ అరలో రెండు ప్యాకెట్లుండాలి. నాలుగున్నాయి.

ఆయన నాలుగూ తీసుకొచ్చి బల్ల మీద వరసగా పేర్చి లేబుళ్ళు పైకి చదివాడు. “తొమ్మిదీ ఐదు. మూడూ యాభై. ఇవి మీ మామూలు లాటువి. నాలుగూ ఇరవై ఐదు. ఐదూ పది. ఇవెక్కడివి? నాలుగింటికి కట్టేసిన మిషను ఐదూ పదికి లేబులు ఎలా కొట్టింది?”

“ప్రింటరు గడియారం తప్పు చూపిస్తుంది సార్. ఎప్పటి నుంచో చెబుతున్నాను, బాగుచేయించరు.”

“తొమ్మిదింటికి సరిగా నడిచి నాలుగు దాటాక తప్పిందా? మనుషుల్లాగే ఉందే.”

బకెట్టాయన జేబులోంచి ఒక గుండ్రటి కాగితం తీసి విప్పాడు. అది నాకు తెలుసు. ప్యాకింగ్ గది గోడకి ఒక పెట్టె ఉంటుంది, అందులో ఎర్ర సిరా ముల్లు రోజంతా గదిలో చలి ఎంతుందో గీస్తూ ఉంటుంది. మెయింటెనెన్స్ వాళ్ళ దగ్గర అడిగి తెచ్చుకున్నట్టున్నాడు. పొద్దుటి నుంచి గీత ఎనిమిది దగ్గరే ఉంది. నాలుగూ పదికి లేచింది. పంతొమ్మిది దాకా వెళ్ళి, ఐదుంబావుకి మళ్ళీ దిగింది.

“డీఫ్రాస్ట్ అయ్యుంటుంది,” అన్నాడు ఇన్‌చార్జి.

“డీఫ్రాస్ట్ ఇదుగో, ఒంటిగంటకి. ఇరవై నిమిషాల చిన్న గుట్ట. ఇది గంటా ఐదు నిమిషాల కొండ. అంతసేపు లోడింగ్ తలుపు తెరిచి పెట్టి ఏం మోశారు లోపలికి?”

“గుర్తులేదు.”

“మంగళవారం విషయం. ఇవాళ శనివారం.”

“రోజూ వంద పనులుంటాయి సార్.”

“సరే. కూర్చుని గుర్తు తెచ్చుకో. మనకి అరగంట పని ఉంది.”

ఆయన పొద్దుటి ప్యాకెట్టు ఒకటి, సాయంత్రంది ఒకటి తీసుకుని ఒక్కోదాన్నీ నీళ్ళలో ముంచి, సీలు దగ్గర బొటనవేళ్ళతో గట్టిగా నొక్కాడు. నా ఊపిరి కూడా ఆ నీళ్ళలోనే ఉండిపోయింది. ఒక్క బుడగ రాలేదు. కవరు మాంసాన్ని చర్మంలా అంటిపెట్టుకుని ఉంది. గాలి దూరిన కవరైతే వదులుగా సంచిలా వేలాడుతుంది.

“మీరు చెప్పండమ్మా. ఈ సీలు ఎవరి చేయి?”

సాయంత్రం ప్యాకెట్టు నా చేతిలో పెట్టాడు. చూడక్కర్లేదు, వేలితో తడిమితే చాలు. ఒక సీలు గీత. దానికి వేలెడు పైన ఇంకో గీత. అందరూ మిషను మూత ఒకసారి దించుతారు. నేను రెండుసార్లు దించేదాన్ని. ఒక సీలు పోయినా ఇంకోటి ఉంటుందని నా భయం. తలుపుకి గడియ పెట్టాక కుర్చీ కూడా అడ్డం పెట్టుకునే మనిషిని. లైను మీద అందరూ నన్ను రెండుతాళాలని పిలిచేవాళ్ళు. కరెంటు దండగ అని తిట్టినా మానలేదు. నా తర్వాత ఆ మిషను మీదకి వచ్చిన నా కూతురికి కూడా అదే నేర్పాను.

“మా అమ్మాయిదేనండి. ఈ ఫ్యాక్టరీలో రెండో సీలు వేసేది అదొక్కతే. ముద్ర చూసి చెప్పొచ్చు.” గొంతులోకి సంతోషం తన్నుకొచ్చింది. “చూశారుగా, ఒక్క బుడగ కూడా రాలేదు. సీలు పోలేదు. అంటే దాని తప్పు లేదనేగా?”

బకెట్టాయన నా వైపు అదోలా చూశాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు.

“తొందరపడకండి,” అన్నాడు. కత్తెర తీసుకున్నాడు.

రెండు తెల్ల పళ్ళాలు తెప్పించి, రెండు ప్యాకెట్లూ కోసి ఒక్కో ముక్క ఒక్కో దాంట్లో పెట్టాడు. టైము రెండూ యాభై రెండు అని చీటీ రాసి మధ్యలో ఉంచాడు.

పొద్దుటి ముక్క వంకాయ తొక్క రంగులో నల్లగా ఉంది. కొత్తగా చేరిన పిల్లలు అది చూసి పాడైపోయిందని హడలిపోతారు. గాలి తీసేస్తే మంచి మాంసం రంగు అలాగే ఉంటుంది. దగ్గరకెళితే కొంచెం పులిసిన వాసన. ఐదు నిమిషాల్లో అదీ పోయింది. రెండో పళ్ళెంలో ముక్క మాత్రం తడిసిన అట్టముక్కలా ఉంది. కత్తెర పైకెత్తితే దానితో పాటు తీగలా బంక సాగింది. వాసన గదంతా కమ్మేసింది. ఇన్‌చార్జి రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

“ఏం, మంగళవారం పెట్టుకోలేదా రుమాలు?” అన్నాడు బకెట్టాయన.

అతను రుమాలు తీసేశాడు.

“ఇది కవర్లో కుళ్ళిందని కదా రిపోర్టు,” అంటూ ఆయన నాతో మొదలుపెట్టాడు. ఇన్‌చార్జి వినాలనే నాతో చెబుతున్నాడు. “మాంసం మీద చేరే సూక్ష్మజీవులు అన్నీ ఒక రకం కాదమ్మా. కొన్నిటికి మనలాగే గాలి కావాలి. మాంసం గాలికి ఉంటే అవే ముందు పెరుగుతాయి. ఈ బంక, ఈ కంపు వాటి పనే. గాలి తీసేశామనుకోండి, వాటికి ఊపిరాడదు, ఉన్నచోట ఉండిపోతాయి. అప్పుడు గాలి అక్కర్లేనివి మెల్లగా పెరుగుతాయి. అవి మాంసాన్ని పులియబెడతాయి, దానికి చలిలో వారాలు పడుతుంది. ఈ కవరు గట్టిగా ఉంది. లోపల గాలి లేదు. వేసి నాలుగు రోజులైంది. మరి గాలి లేనిచోట, నాలుగు రోజుల్లో, గాలి తాగే జీవులు ఇంత బంక ఎలా పెట్టాయి?”

“పెట్టలేవు,” అన్నాను.

“పెట్టలేవు. అంటే కవర్లోకి రాకముందే పెట్టాయి.”

పట్టకారుతో ముక్కని తిరగేశాడు. అడుగున చిన్న చిన్న గుంటలు, వరసలు వరసలుగా, తేనెపట్టు గళ్ళలా. అక్కడక్కడా తెల్లటి కాగితప్పీచు అంటుకుని ఉంది. దుకాణాల్లో మాంసాన్ని తెల్లటి మెత్తని ట్రేలో పెట్టి పైన పల్చటి ప్లాస్టిక్ చుట్టి అమ్ముతారు. ఆ ట్రే అడుగు గళ్ళు గళ్ళుగా ఉంటుంది. రక్తం పీల్చడానికి కింద ఒక కాగితం పరుస్తారు. ఆ ప్లాస్టిక్‌లోంచి గాలి ఆడుతుంది, అందుకే మాంసం ఎర్రగా కళగా కనిపిస్తుంది, అందుకే నాలుగు రోజులకి మించి ఆగదు. అమ్ముడుపోని ట్రేలు ఫ్యాక్టరీకి తిరిగొస్తాయి. వాటిని గోతిలో వేసి సున్నం చల్లాలి.

“తిరుగు ట్రేలు,” అన్నాను.

“కనీసం వారం రోజులైనా ట్రేలో ఉన్న మాంసం ఇది. దాన్ని విప్పి, కడిగి, గాలి తీసి, కొత్త తేదీ కొట్టారు. గాలి తీస్తే వాసన కవర్లో బందీ అయిపోతుంది. నల్లగా ఉన్నా కొనేవాడు అనుమానించడు, ఈ కవర్లలో రంగు అంతేనని వాడికి తెలుసు. కానీ చలి లేని వ్యానులో తిరిగొచ్చి, పంతొమ్మిది డిగ్రీల్లో గంటసేపు చేతుల్లో నలిగింది. మన చేతుల నుంచి వచ్చే జీవి ఒకటుంది. వెచ్చగా ఉంటే పెరిగి విషం కక్కుతుంది. ఆ తర్వాత ఉడికిస్తే జీవి చస్తుంది, విషం చావదు. తిన్న మూడు గంటల్లోపే వాంతులు ఎందుకు మొదలయ్యాయో ఇప్పుడు తెలిసిందా? పొట్టలోకెళ్ళి పెరగడానికి టైమే లేదు. తయారైన విషమే తాగారు.”

ఇన్‌చార్జి నేల వైపు చూస్తూ కూర్చున్నాడు. అతని మోకాలు ఆడుతోంది.

మూడూ ఇరవై అయింది. తలుపు తట్టకుండానే తనిఖీ అధికారి లోపలికొచ్చాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చంకలో ఫైలు. ఒకప్పుడు బకెట్టాయన కిందే పని నేర్చుకున్నాడని వాచ్‌మన్ చెప్పాడు.

“గురువుగారూ, ఇంకా ఈ బకెట్టు వదల్లేదా? శాఖ మిమ్మల్ని వదిలేసి ఆరేళ్ళయింది.”

“శాఖ వదిలేసింది. బకెట్టు నమ్మకమైంది. నువ్వు ఆ ఫ్రిజ్ తెరిచావా?”

“అవసరం రాలేదు.”

“మాంసం చూశావా?”

“ఆస్పత్రి చెత్తడబ్బాలో కవర్లు చూశాను. సీలు దగ్గర తెగి ఉన్నాయి.”

“వంటవాళ్ళు కత్తెరతో కోయకుండా సూపులో కవర్లతో సహా వేస్తారనుకున్నావా?”

అధికారి మొహం ఎర్రబడింది. “నాకు పాఠం చెప్పే రోజులు పోయాయి సార్. మీరిక్కడ బయటి మనిషి. నేను ఒక్క మాటంటే మిమ్మల్ని గేటు దాకా సాగనంపుతారు.”

“అను. అనేముందు ఈ రెండు పళ్ళాలు చూడు. టైము చీటీ మధ్యలో ఉంది.”

అరగంటైంది. పొద్దుటి ముక్క గాలి తాగి ఎర్రబడింది, అప్పుడే కోసినట్టు. సాయంత్రం ముక్క అట్టముక్కలాగే ఉంది. రంగు మారడానికి అందులో ప్రాణమేమీ మిగల్లేదు. బకెట్టాయన నీళ్ళలో మునిగిన కవరు చూపించాడు, గళ్ళు చూపించాడు, గుండ్రటి కాగితం, లేబుళ్ళ మీద టైములు, అన్నీ వరసగా చూపించాడు. అధికారి ఎక్కడా అడ్డు చెప్పలేదు. చెబుతున్నకొద్దీ అతని మొహంలో కోపం పోయి, ఇంకేదో వచ్చింది. నాకది కోపంకంటే ఎక్కువ భయం వేసింది.

“అయితే సీలు మంచిదే,” అన్నాడు నెమ్మదిగా.

“మంచిదే.”

“గాలి దూరలేదు.”

“దూరలేదు.”

“ఈ సీలు ఎవరు వేశారో తేలిందా?”

ఇన్‌చార్జి తలెత్తాడు. “పిన్నే చెప్పింది సార్, ఇప్పుడే, అందరి ముందూ. రెండు గీతలు. ఫ్యాక్టరీ మొత్తం మీద ఆ అమ్మాయొక్కతే వేస్తుందంట.”

“అంటే ఈ కంపు కొట్టే ముక్కల్ని ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని, కవర్లో దూర్చి, ఒకటికి రెండుసార్లు సీలు వేసింది.” అధికారి ఫైలు తెరిచి, కలం తీసి, ఒక మాట కొట్టేసి పైన ఇంకో మాట రాశాడు. “నేను పాపమని, నిర్లక్ష్యం అనే రాశాను. గురువుగారు కష్టపడి దాన్ని తెలిసి చేసిన నేరం చేశారు. చాలా థాంక్స్.”

“నాలుగింటికే నేను ఇంటికెళ్ళిపోయాను సార్,” అన్నాడు ఇన్‌చార్జి. మాటలు ఇప్పుడు ధారగా వస్తున్నాయి. “తర్వాత ఈ అమ్మాయి ఎవరి మాట విని ఏం చేసిందో నాకేం తెలుసు?”

“ఇందాక గుర్తులేదన్నావు,” అన్నాడు బకెట్టాయన.

“ఇప్పుడు గుర్తొచ్చింది. మీరే కదా కూర్చుని తెచ్చుకోమన్నారు.”

అధికారి ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. “ఐదు దాకా ఎందుకు, జీపు ఇప్పుడే పంపించండి,” అన్నాడు.

నా నోటితో నేనే సాక్ష్యం ఇచ్చాను. ముద్ర చూసి చెప్పొచ్చని గర్వంగా చెప్పాను. దానికేమీ కాకూడదని నేర్పిన రెండో గీతే దాని మెడకి చుట్టుకుంది.

“మీకు ముందే తెలుసా ఇలా అవుతుందని?” అని బకెట్టాయన్ని అడిగాను.

“సీలు చూసినప్పుడే తెలుసు. ఏది తేలితే అది రాస్తానని మొదటే చెప్పాను కదమ్మా.” గొంతు తగ్గించాడు. “ఈ ఇన్‌చార్జి పక్కన నిలబడి చేయించాడని నాకు తెలుసు. నాకు తెలిస్తే చాలదు. అమ్మాయిని పైకి పిలిపించండి.”

కానిస్టేబుల్ తీసుకొచ్చింది. రెండు రోజుల్లో పిల్ల సగమైపోయింది. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం లేచిపోయి ఉంది. మంగళవారం సాయంత్రం ఇంటికొచ్చి ఎన్నిసార్లు చేతులు కడిగిందో నేను లెక్కపెట్టలేదు. సబ్బు అరిగిపోయింది. ఆ రోజు వేసుకున్న కోల్డ్‌రూము స్వెట్టరు నేనే ఉతికాను. మూడు నీళ్ళు మార్చినా వాసన పోలేదు.

బకెట్టాయన దాన్ని కూర్చోబెట్టి, తను ఎదురుగా నిలబడ్డాడు.

“ట్రేలు తెచ్చిందెవరు?”

ఇన్‌చార్జి దాని మొహంలోకే చూస్తున్నాడు.

“ఈ నాలుగో ప్యాకెట్టు ఫ్రిజ్‌లో అలవాటుగా పెట్టావా, ఎవరైనా ఎప్పటికైనా చూస్తారని కావాలనే పెట్టావా?”

అది వేళ్ళ కణుపులు రుద్దుకుంది. అంతే.

“సరే, అవన్నీ వదిలెయ్. ఒక్కదానికి చెప్పు.” ఆయన మాట మెత్తబడింది. “మంగళవారమే, ఆ మాంసం ఫ్యాక్టరీ గేటు దాటకముందే, ఈ సంగతి ఎవరితోనైనా అన్నావా? ఎవరితోనైనా సరే. అని ఉంటే నీ చేత బలవంతాన చేయించారనడానికి ఒక మనిషి దొరికినట్టు. నువ్వు సాక్షివి. అనకపోతే నువ్వు ముద్దాయివి, ఇంకెవరూ లేరు. ఎవరితో అన్నావు?”

అది మెల్లగా తలెత్తి నన్ను చూసింది. రెండు రోజులుగా చూస్తున్న చూపే. మళ్ళీ తల దించుకుంది. “ఎవరితోనూ అనలేదు,” అని కూడా అనలేదు. అబద్ధం చెప్పలేదు, నిజం చెప్పలేదు. నన్ను వదిలేసింది.

ఫ్రిజ్ మోటారు కాసేపు తిరిగి, టక్కుమని ఆగింది. కింద ఎక్కడో గేటు చప్పుడైంది. అధికారి కలానికి మూత పెట్టాడు. ఇన్‌చార్జి మోకాలు ఆడటం మానేసింది.

బకెట్టాయన ఇంకేమీ అడగలేదు. ఆయన దాన్ని చూడటం లేదు. అది ఎవరిని చూసిందో, వాళ్ళని చూస్తున్నాడు.

బుధవారం పొద్దున ఎనిమిదింటికి ఆ ప్యాకెట్లు ఆస్పత్రికి వెళ్ళాయి. మంగళవారం సాయంత్రం ఏడింటికి అది నా వంటగది గడప మీద కూర్చుని ఉంది. మధ్యలో పదమూడు గంటలు. నిన్నటి నుంచి నేను ఈ పదమూడే లెక్కపెడుతున్నాను. ఆ పదమూడు గంటల్లో నేను గేటు దాకా నడిచి ఉండొచ్చు. ఒక ఫోను చేసి ఉండొచ్చు. నేను చేసింది స్వెట్టరు ఉతకడం. ఆపరేషనైన ఒకాయన, ఎవరో ఆయన, ఈపాటికి లేచి కిటికీ దాకా నడుస్తూ ఉండేవాడు.

దీని ఉద్యోగం ఒకటో తారీకుకి పర్మినెంట్ అవ్వాలి. మధ్యలో పదిహేడు రోజులు. నాకు కనిపించింది ఆ పదిహేడే.

మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది.

చేతిసంచి జిప్పు తీశాను. లోపలి అరలో, పాత చీటీల మధ్య పెట్టాను దాన్ని. పారేస్తే ఎవరికైనా దొరుకుతుందేమోనని భయం, ఉంచితే ఎవరైనా చూస్తారేమోనని భయం, ఆ రెండు భయాల మధ్య అది అక్కడే ఉండిపోయింది. తీసి బల్ల మీద, రెండు పళ్ళాల మధ్య పెట్టాను. స్వెట్టరు మణికట్టు దగ్గర అంటుకుని వచ్చిన ట్రే లేబులు. నీళ్ళలో నాని అంచులు చిరిగాయి కానీ అంకెలు పోలేదు. ప్యాక్ చేసిన తేదీ నాలుగు. వాడవలసిన ఆఖరు తేదీ ఎనిమిది.

“అమ్మా, వద్దు,” అంది నా కూతురు. రెండు రోజుల్లో దాని నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

బకెట్టాయన అడిగిన ప్రశ్న ఇంకా అక్కడే ఉంది.

“నాకు చెప్పింది,” అన్నాను. “మంగళవారం సాయంత్రం ఏడింటికి. ఇన్‌చార్జి పక్కన నిలబడి ట్రేలు విప్పించాడని, చేయకపోతే రేపటి నుంచి రావద్దన్నాడని, ఇవి ఎవరైనా తింటే ఎలా అమ్మా అని అడిగింది. నోరు మూసుకోమన్నది నేను.”